బర్కూల్ నుంచి నలబన దాకా మర పడవ: ఇంజిన్ ఆపడం తెలిసిన సరంగు

మాది టెక్కలి దగ్గర పల్లె, ఇప్పుడు ఉండేది శ్రీకాకుళంలో. సంక్రాంతి హడావుడి తగ్గాక వచ్చిన శనివారం నేనూ మా ఆయనా, ఇద్దరు పిల్లలూ, మా అత్తయ్యా, మా తమ్ముడూ కలిసి ఒడిశాలోని చిలికా సరస్సుకి వెళ్లాం. బర్కూల్ రేవులో ఒక ప్రైవేటు మర పడవ మాట్లాడుకుని, కాళీజాయి గుడి చూసుకుని, అక్కణ్ణుంచి నలబన పక్షుల ద్వీపం అంచు దాకా వెళ్లి మధ్యాహ్నానికి ఒడ్డు చేరాం. ఆ పడవ గురించీ దాన్ని నడిపిన సరంగు గురించీ రాయాలనే ఇదంతా. మన జిల్లా వాళ్లు పూరీ వెళ్తూనో వస్తూనో చిలికాని ఒక గంటలో కానిచ్చేసి, "ఏముంది, నీళ్లే కదా" అనడం చాలాసార్లు విన్నాను. రెండేళ్ల క్రితం నేనూ అలాగే అన్నాను. తప్పు చిలికాది కాదు, మేం ఎక్కిన పడవది.

అప్పుడు వెళ్లింది వేరే రేవు నుంచి. "డాల్ఫిన్ గ్యారంటీ" అన్నాడు పడవ కుదిర్చినాయన, మేమూ ఆ ఒక్క మాటకే డబ్బులిచ్చేశాం. నీళ్లలో ఎక్కడో బూడిద రంగు వీపు ఒకటి పైకి తేలగానే అయిదారు పడవలు ఒక్కసారే అటు మళ్లి, ఇంజిన్లు రయ్యిమని పెంచి చుట్టూ మూగేశాయి. డీజిల్ కంపు, పొగ, అరుపులు, అందరి ఫోన్లూ గాల్లో. మా పాప చెవులు మూసుకుని వాళ్ల నాన్న ఒళ్లో తల దూర్చేసింది. చిలికాలో ఉండేది ఇరావడ్డీ డాల్ఫిన్. దానికి ముందుకు సాగిన మూతి ఉండదు, గుండ్రటి తల, వీపు మీద చిన్న రెక్క, సినిమాల్లో చూపించే వాటిలా పైకెగిరి గంతులు వేసే రకం కాదు. ఊపిరి కోసం పైకొచ్చి మళ్లీ మెల్లగా మునిగిపోతుంది. మట్టినీళ్లలో దానికి దారీ తిండీ దొరికేది శబ్దం వల్లే. అలాంటి జీవి చుట్టూ ఆరు ఇంజిన్లు పెట్టి తిప్పితే ఏం చూసినట్టు? ఆ రోజు ఒడ్డుకొచ్చాక నాకు ఏదో తప్పు చేసి వచ్చినట్టే అనిపించింది.

అందుకే ఈసారి రేవులో అడుగు పెట్టగానే చుట్టూ చేరినవాళ్లతో రేటు మాట్లాడలేదు. "నలబన దగ్గర ఇంజిన్ ఆపి ఎంతసేపు ఉంచుతారు?" అని మాత్రమే అడిగాను. ఇద్దరికి నా ప్రశ్నే అర్థం కాలేదు. ఒకాయన అయిదు నిమిషాలు అన్నాడు. పక్కన తాడు చుట్టుకుంటున్న ఒక పెద్దాయన, యాభై అయిదు పైనే ఉంటాయి, తలెత్తి "మీరెంతసేపు కూకుంటే అంతసేపమ్మా. కానీ మాటాడకుండా కూకోవాల" అన్నాడు. మా బేరం అక్కడే కుదిరిపోయింది. నాలుగు గంటలకి మూడు వేల అయిదు వందలు, ఆరుగురం. పక్క పడవల వాళ్లు అడిగిన దానికంటే మూడు నాలుగు వందలు ఎక్కువే, అయినా మా ఆయన కూడా బేరం ఆడలేదు.

ఆయన తెలుగు చక్కగా మాట్లాడతాడు. వాళ్లమ్మది సోంపేట అవతలట. ఆ వైపు ఇది వింతేమీ కాదు, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా మన శ్రీకాకుళమూ ఆ రంభా, ఛత్రపురం వైపంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకే గంజాం జిల్లా. రేవులో సగం మందితో తెలుగులోనే పని అయిపోతుంది. మేం శుక్రవారం సాయంత్రం కారులో బయల్దేరి బాలుగావ్‌లో రాత్రి పడుకున్నాం. హైవే మీద ఇచ్ఛాపురం, బరంపురం దాటుకుంటూ నేరుగా వెళ్లిపోవచ్చు. కారు లేకపోతే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లోనో పలాసలోనో బాలుగావ్‌లో ఆగే రైలెక్కితే సరి, అక్కణ్ణుంచి రేవుకి ఆటోలు దొరుకుతాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, ముందురోజు రాత్రికే చేరండి. ఆరున్నరకి పడవ కదలాలి. పది దాటాక ఎండ నీళ్ల మీద పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది, పిట్టల రంగులు కనబడవు, అన్నీ నల్లగా తోస్తాయి.

రేవులో కారప్పూస పొట్లాలు అమ్ముతున్నారు, సీగల్స్‌కి వేయడానికి. మా తమ్ముడు రెండు కొనబోతే సరంగు చెయ్యి అడ్డం పెట్టి "నా పడవలో వద్దు బాబూ" అన్నాడు. చేపలు తినే పిట్టకి ఉప్పూ నూనే ఎందుకు, ఆ ప్లాస్టిక్ కాగితం చివరికి నీళ్లలోకే కదా, అని అంతే చెప్పాడు, విసుక్కోలేదు. పక్క పడవలో వాళ్లు వేస్తున్నారు, అక్కడ వంద పిట్టలు మూగి గోల గోలగా ఉంది. మా బాబు కాసేపు మొహం ముడుచుకున్నాడు, నిజమే. కానీ పావుగంట తిరక్కుండానే ఒక సీగల్ మా పడవ ముక్కు మీద తాడు కట్టే గుంజ మీద వచ్చి వాలింది. తిండి చూపించి పిలిచింది కాదు, తనంతట తనే. మాకూ దానికీ మధ్య ఆరడుగులు కూడా లేదు.

ఇంత దగ్గరగా సీగల్‌ని నేనెప్పుడూ చూడలేదు. దూరం నుంచి తెల్ల పిట్ట అనుకుంటాం గానీ వీపు లేత బూడిద రంగు, పొద్దుటి ఎండలో ముత్యపు చిప్ప లోపలి వైపులా మెరుస్తోంది. ముక్కు ఎర్రన, కొస మాత్రం నల్లన. కాళ్లు కూడా ఎరుపే, వేళ్ల మధ్య పొర సహా. కన్ను లేత రంగులో ఉండి చూపు చురుగ్గా గుచ్చుకున్నట్టు ఉంటుంది. చెవి ఉండాల్సిన చోట కాటుక వేలితో దిష్టిచుక్క పెట్టినట్టు ఒక మచ్చ. ఇది బ్రౌన్ హెడెడ్ గల్, పేరులో గోధుమ తల ఉన్నా చలికాలంలో తల తెల్లగానే ఉండి ఆ మచ్చొక్కటే మిగులుతుంది, వేసవి మొదలై తిరిగి వెళ్లేటప్పటికి తలంతా చాక్లెట్ రంగు ముసుగు వేసుకున్నట్టు అవుతుంది. లడఖ్, టిబెట్ వైపు ఎత్తయిన సరస్సుల దగ్గర గుడ్లు పెట్టే పిట్ట ఇది. ఎగిరినప్పుడు రెక్క చివర నల్లటి చోట తెల్ల మచ్చలు అద్దాల్లా కనిపిస్తాయి. మా బాబు కారప్పూస సంగతి మర్చిపోయాడు.

కాళీజాయి దగ్గర అరగంట ఆగాం. మా అత్తయ్య అసలు వచ్చిందే దానికోసం. జాయి అనే కొత్త పెళ్లికూతురు తండ్రితో కలిసి అత్తారింటికి పడవలో వెళ్తుంటే గాలివాన వచ్చి పడవ తిరగబడిందనీ, అందరూ దొరికారు గానీ ఆ పిల్ల ఒక్కతే దొరకలేదనీ, ఆ పిల్లే ఇక్కడ కాళీజాయి అమ్మవారైందనీ సరంగు చెబుతుంటే మా అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంది. సంక్రాంతికి అక్కడ పెద్ద జాతర అవుతుంది, అందుకే ఆ రోజుల్లో వెళ్లొద్దంటాను, రేవులో కాలు పెట్టలేరు. గుడి మెట్ల దగ్గర చెత్త చూస్తే మాత్రం బాధేసింది.

అక్కణ్ణుంచి నలబన వైపు దారంతా చూడాల్సిందే. చేపల వలలకి పాతిన వెదురు గుంజలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ప్రతి గుంజ మీదా ఏదో ఒకటి కూర్చుని ఉంది. ఇటుక రంగు ఒళ్లూ తెల్ల తలా ఉన్న గరుడ పక్షులు అయిదింటిని లెక్కపెట్టాం, మా అత్తయ్య ప్రతిదానికీ చెంపలు వేసుకుని దణ్ణం పెట్టింది. కాస్పియన్ టెర్న్ అని చేపలు పట్టే పిట్ట ఒకటుంది, టెర్న్‌లన్నిట్లో పెద్దది, దాని ముక్కు క్యారెట్ ముక్క అతికించినట్టు నారింజ ఎరుపులో ఉంటుంది. తల వంచి నీళ్లలోకి చూస్తూ ఎగురుతుంది, ఉన్నట్టుండి రెక్కలు ముడుచుకుని రాయిలా పడుతుంది. నలుపు తెలుపు లకుముకి పిట్ట ఒకటి గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడితే మా పాప తన వేళ్లతో ఎన్ని సెకన్లో లెక్కపెట్టింది.

చక్రవాకాలని చూశాం! చిన్నప్పుడు తెలుగు వాచకంలో చక్రవాక దంపతులు రాత్రయితే విడిపోయి ఏడుస్తాయని చదివి అదేదో కవుల ఊహ అనుకున్నాను. నిజంగా ఉన్న పిట్ట, చలికాలంలో మన దగ్గరికొచ్చే బాతు. ఒళ్లంతా కాషాయం కలిసిన ఇటుక రంగు, తల లేత మీగడ రంగు, ఎగిరితే రెక్కల్లో తెలుపు ఒక్కసారి తళుక్కుమంటుంది. జంటగా నీళ్ల అంచున నిలబడి ఉన్నాయి. సరంగు వాటిని చూపించి "రేత్రి దీని కేక ఇంటే కడుపులో దేవినట్టుంటదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటతో పాత పద్యాలన్నీ నాకు అర్థమైనట్టనిపించింది.

నలబన అంటే రెల్లు వనం అని అర్థం. దాదాపు 15 చదరపు కిలోమీటర్ల ద్వీపం, వానాకాలంలో మునిగిపోయి శీతాకాలానికి బురదా గడ్డీ బయటపడుతుంది. పిట్టలకి కావాల్సిందీ అదే. పిట్టల కాలంలో ద్వీపం మీదికి దిగనివ్వరు, అది చాలా మంచి పని. హద్దుకి ఇంకా బాగా దూరం ఉండగానే మా సరంగు ఇంజిన్ తగ్గించాడు, తర్వాత పూర్తిగా ఆపేశాడు. పడవ తన ఊపుకి తను కొంత జరిగింది. తర్వాత గెడ తీసుకుని నీళ్లలో దింపి, చప్పుడు లేకుండా రెండు మూడు పోట్లు పొడిచి, పడవని ఎండ మా వీపు వైపు పడేలా తిప్పి అక్కడే గెడకి కట్టేశాడు. ఆ తిప్పడం వల్లే రంగులు కనిపించాయి. ఇది నేను అడిగింది కాదు, ఆయనకి తెలిసిన పని.

మొదటి రెండు మూడు నిమిషాలు ఇంజిన్ మోత ఇంకా చెవుల్లోనే ఉంది. తర్వాత ఒక్కొక్కటే వినబడటం మొదలైంది. వేల బాతులు ఒకేసారి నీళ్లు జల్లిస్తుంటే ఎక్కడో దూరంగా వడ్లు చెరుగుతున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. సూదితోక బాతులు, తల మీద రెండు నల్ల గీతలుండే బార్ హెడెడ్ గూస్‌లు, అవి హిమాలయాల మీదుగా ఎగిరొచ్చేవి. వాటి వెనక గులాబి రంగు గీత ఒకటి కనబడింది, బైనాక్యులర్ పెడితే ఫ్లెమింగోలు. మన పేపర్లలో రాజహంసలు అని రాస్తారు, సూళ్లూరుపేట వాళ్లకి వీటి పేరు మీద పండగే ఉంది. రెండొందలకి తక్కువ ఉండవు.

నేను ఒక్కదాన్నే పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. తల కిందికి వేలాడేసి, ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి, రెండు కాళ్లతో ఉన్నచోటే బురద తొక్కుతోంది, మన ఊళ్లో మట్టిగోడకి మట్టి తొక్కినట్టే. కాళ్ల దగ్గర నీళ్లు చిక్కబడ్డాయి. ఆ బురదనీటిని నోట్లోకి లాగి బయటికి నెడుతూ అందులోని చిన్న చిన్న రొయ్య పురుగుల్నీ నాచునీ వడకట్టుకుంటుంది. ఒంటికి ఆ గులాబి రంగు వచ్చేది ఆ తిండిలోంచే, పుట్టుకతో కాదు. పక్కనే మూడు పిల్ల ఫ్లెమింగోలు బూడిద రంగులో మాసిపోయినట్టు ఉన్నాయి, వాటికి రంగు ఎక్కడానికి ఏళ్లు పడుతుంది. నేను చూస్తున్నది ఉన్నట్టుండి తలెత్తి, ఒక కాలు వెనక్కి చాపి, అదే వైపు రెక్క విప్పింది. పైకి తెల్లగా లేత గులాబిగా ఉన్న పిట్ట రెక్క లోపల కుంకుమ ఎరుపు, దాని అంచున నిగనిగలాడే నలుపు! నాలుగు సెకన్లు ఉంచి మళ్లీ ముడిచేసింది. మా వైపు చూసింది కూడా, చూసి మళ్లీ బురద తొక్కుకుంది. మేం అక్కడ ఉన్నామని దానికి తెలుసు, అయినా తన తిండి తను తింటోంది. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే గొప్పగా అనిపించింది అదే. నలభై నిమిషాలు ఉన్నాం, ఒక్క గుంపు కూడా మా వల్ల లేవలేదు.

మేం ఉండగానే దూరంగా ఇంకో పడవ ఇంజిన్ ఆపకుండా దూసుకొచ్చింది. అటువైపు బాతులన్నీ ఒక్కసారి లేచాయి, ఆ పడవలో వాళ్లు చప్పట్లు కొట్టారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చి నాలుగు నెలల్లో ఒంటికి కొవ్వు పట్టించుకుని మళ్లీ అంత దూరం వెళ్లాల్సిన పిట్టలవి, ఒక్కోసారి లేపినప్పుడల్లా ఆ దాచుకున్నదే ఖర్చు. మా సరంగు ఏమీ అనలేదు, బీడీ వెలిగించబోయి ఆపేసి ఒడిలో పెట్టుకున్నాడు.

చిలికా గురించి ఆయన చెప్పినవి కూడా రాయాలి. తొంభైల్లో సరస్సు సముద్రంలో కలిసే మొగ పూడిపోయి, నీళ్లలో ఉప్పు తగ్గిపోయి, ఎక్కడ చూసినా తూడూ గడ్డీ అయిపోయి, చేప పడక వాళ్ల అన్నలు ఊరు వదిలి సూరత్ వెళ్లారట. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వాక ఉప్పునీరు మళ్లీ లోపలికొచ్చింది, చేపా రొయ్యా తిరిగొచ్చాయి. 1981లోనే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన చిలికా, మధ్యలో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి దిగి, 2002లో దాంట్లోంచి బయటపడింది. ఇప్పుడు ఏటా జనవరిలో అటవీ శాఖ వాళ్లు చేసే లెక్కింపులో పిట్టలు 10 లక్షలు దాటుతున్నాయి. ఇదంతా ఆయనకి అంకెల్లో తెలియదు, అన్నలు తిరిగొచ్చిన ఏడు గుర్తుంది.

ఇక లోపాలు. లైఫ్ జాకెట్లు పెద్దవాళ్ల సైజువే ఉన్నాయి, మా పాపకి వేస్తే మోకాళ్ల దాకా వచ్చింది, ఇంకోదానికి క్లిప్ విరిగిపోయి ఉంది. నేను కదలనన్నాను. ఆయన పక్క పడవల్లో వెతికి చిన్నవి తెచ్చేసరికి ఇరవై నిమిషాలు పోయింది, పొద్దుటి పూట ఆ ఇరవై నిమిషాలు చాలా విలువైనవి. పడవలో కూర్చునే చెక్కలు గట్టివి, మా అత్తయ్యకి నడుం పట్టేసింది, దుప్పటి మడత పెట్టుకు వెళ్లండి. గుడారం గుడ్డ వెనక సగానికి లేదు. నాలుగు గంటలు బాత్‌రూం ఉండదు, కాళీజాయి దగ్గర ఉన్నది వాడుకునేలా లేదు, ఆడవాళ్లతో వెళ్లేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోండి. తిండి దొరకదు, మేం పులిహోరా పలాస జీడిపప్పూ పట్టుకెళ్లాం.

బైనాక్యులర్ లేకుండా మాత్రం వెళ్లొద్దు. మా తమ్ముడి దగ్గర 10x50 ఉంది, నా దగ్గర 8x42. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. పది రెట్లయితే ఇంకా బాగుంటుంది అనుకుంటాం గానీ పడవలో చెయ్యి ఊగినప్పుడు ఆ ఊపు కూడా పదింతలే. ఒక పావుగంటకి వాడూ నాదే అడిగాడు.

తిరుగు ప్రయాణంలో ఆదివారం టెక్కలి దగ్గర ఆగి పిట్టలు గూళ్లు కట్టే తేలినీలాపురం వెళ్లాం, పిల్లలకి రెండు చోట్లూ ఒకదాని వెంట ఒకటి చూపించాలని. చింతచెట్ల మీద గూడబాతులూ (పెలికాన్లు) ఎర్రకాళ్ల కొంగలూ పిల్లల్ని పెంచుకుంటున్నాయి, కింద రోడ్డు మీద ఆవులు పోతున్నాయి. మనవాళ్లు వీటిని సైబీరియా పిట్టలంటారు గానీ ఈ రెండూ మన దేశంలోనే ఉండి గుడ్లు పెట్టేవే, నీళ్లూ చేపా చూసుకుని చోటు మారతాయి. నౌపడా వైపు చిత్తడీ చుట్టుపక్కల చెరువులూ వాటి మేత చోట్లు. మా నాయనమ్మ ఆ ఊరి ఆడపడుచు. పిట్టలొచ్చే నెలల్లో ఆ వీధిలో మమ్మల్ని గట్టిగా అరవనిచ్చేది కాదు, "పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలే అవి, ఎవడైనా పురిటి గది ముందు కేకలేస్తాడా" అనేది. నలబన దగ్గర ఆ సరంగు గెడ దింపిన తీరు చూసినప్పుడు నాకు నాయనమ్మే గుర్తొచ్చింది.

అయిదుకి నాలుగున్నర ఇస్తున్నాను, ఆ అర జాకెట్ల కోసం. ఆయన ఫోన్ నంబరు ఇక్కడ పెట్టను, అడగలేదు కూడా. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో ఎప్పుడు వెళ్లినా రేవులో నేనడిగిన ప్రశ్నే అడగండి, జవాబు చెప్పేటప్పుడు మొహం చూడండి. మేం ఫిబ్రవరి మొదటి వారంలో మళ్లీ వెళ్తున్నాం. పిల్లల జాకెట్లు ఈసారి శ్రీకాకుళంలోనే కొని పట్టుకెళ్తున్నాం.